నడిపి రాకుమారుడూ నల్లరాతి రేవూ

అనగనగా ఒక రాజు. ఆయన కోట ఎంత ఒడ్డున ఉండేదంటే, గోడ మీద కూర్చుని మామిడి టెంక విసిరితే సముద్రంలో పడేది. ఆ రాజు పేరు సముద్రసేనుడు. ఆయన ఊరి పేరు మొగలిరేవు. పొద్దున లేచి చూస్తే రేవు నిండా తెరచాపలే. మిరియాలు తెచ్చే పడవలు, పట్టుబట్టలు పట్టుకుపోయే పడవలు, ఎండుచేపల పడవలు, ఒక్కోసారి ఏనుగునెక్కించుకున్న పడవ కూడా!

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు. నడిపివాడు చంద్రకేతు. చిన్నవాడు మధుకంఠుడు.

పెద్దవాడు రేపు రాజవుతాడు కాబట్టి అందరూ వాడికి దణ్ణాలు పెట్టేవారు. చిన్నవాడు తియ్యగా పాడతాడు కాబట్టి అందరూ వాణ్ణి ముద్దుచేసేవారు. నడిపివాడికి దణ్ణాలూ లేవు, ముద్దులూ లేవు. పండగొస్తే పెద్దవాడికి కొత్త బట్టలు కుట్టించేవారు. చిన్నవాడు మారాం చేస్తే వాడికీ కుట్టించేవారు. నడిపివాడికి మాత్రం పెద్దవాడి బట్టలు పొట్టివైపోతే వచ్చేవి. రాజుగారింట్లో అయినా అంతే మరి!

అందుకని చంద్రకేతుకి చిన్నప్పటి నుంచీ కడుపుమంట. రాజవైద్యుడు మజ్జిగ తాగమన్నాడు. కుండలు కుండలు తాగాడు. తగ్గలేదు. అది మజ్జిగకు తగ్గే మంటైతేగా!

పెద్దవాడి మీద అంత మంట లేదు. ఉన్నదంతా చిన్నవాడి మీదే. మధుకంఠుడు పాట ఎత్తుకుంటే వంటశాలలో గరిటెలు ఆగిపోయేవి. గుర్రాలు గుగ్గిళ్ళు నమలడం మానేసేవి. రాణిగారు ఎవరితో ఏం మాట్లాడుతున్నా మధ్యలో ఆపి, "ఉండండి, మా చిన్నాడు పాడుతున్నాడు" అనేది. ఆ మాట్లాడుతున్నది ఎప్పుడూ చంద్రకేతే అయ్యేవాడు.

పోనీ మధుకంఠుడు చెడ్డవాడా అంటే, కాదు. బంగారంలాంటి పిల్లవాడు. చంద్రకేతుకి అదే మరీ కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. మంచివాణ్ణి ఏమని తిట్టుకుంటాం?

ఇలా ఉండగా ఒకనాడు మొగలిరేవులో గాలి ఆగిపోయింది. ఆకు కదలదు. అల లేవదు. తెరచాపలు ఆరేసిన దుప్పట్లలా వేలాడాయి. వచ్చిన పడవ వెళ్ళలేదు, వెళ్ళిన పడవ రాలేదు. జాలర్లు తెడ్లు వేసి వేసి చేతులు బొబ్బలెక్కి, వట్టి వలలతో ఇంటికొచ్చారు. ఊళ్ళో పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

చాలా దేశాలు తిరిగిన ముసలి నావికుడు ఒకడు సభకు వచ్చి చెప్పాడు. "మహారాజా! సప్తసముద్రాల అవతల నల్లరాతి దీవి ఉంది. అక్కడ ధూమ్రకేశుడని ఒక మాంత్రికుడు. వాడు ఒక్కొక్క రేవు గాలినీ మూటకట్టి దాచుకుంటున్నాడు. మన గాలీ వాడి దగ్గరే ఉంది."

రణధీరుడు కత్తి దూసి పెద్ద ఓడ ఎక్కాడు. వందమంది చేత తెడ్లు వేయించుకుంటూ వెళ్ళాడు. మూడు సముద్రాలు దాటాడు. అక్కడ గాలివాన పట్టుకుంది. ఓడ ఇటు ఒరిగి, అటు ఒరిగి, తిన్నదంతా కక్కించింది. గడ్డం పెరిగిపోయి, కళ్ళు లోతుకుపోయి తిరిగొచ్చాడు.

"గాలి కోసం వెళ్తే ఆ గాలే నన్ను వెనక్కి తోసింది నాన్నగారూ" అని మంచం ఎక్కాడు.

అప్పుడు చంద్రకేతు లేచి, "నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు. రాజు తల తిప్పేలోపల మధుకంఠుడు కూడా లేచి, "నన్ను పంపండి నాన్నగారూ" అన్నాడు.

రాజు చిన్నవాడి వంకే చూశాడు. "వెళ్ళి రా తండ్రీ. చంద్రం, నువ్వుండు. పెద్దాడు మంచం మీద ఉన్నాడు, అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా."

ఎవరో ఒకరు! ఆ మాట చంద్రకేతు కడుపులో నిప్పులా పడింది. మధుకంఠుడు బయల్దేరే రోజు ఊరు ఊరంతా పూలదండలతో ఒడ్డుకొచ్చింది. ఎండగా ఉందని రాణిగారికి గొడుగు పట్టింది ఎవరో తెలుసా? చంద్రకేతే.

నెలలు గడిచాయి. మధుకంఠుడు తిరిగి రాలేదు. సముద్రం మింగేసి ఉంటుందని కొందరు, మాంత్రికుడు మింగేసి ఉంటాడని కొందరు అన్నారు. ఊరంతా ఏడ్చింది. చెప్పకూడదు గాని, ఆ రోజు చంద్రకేతుకి మజ్జిగ లేకుండానే మంట చల్లారింది. 'ఇక నా వంతు' అనుకున్నాడు. తల నున్నగా దువ్వుకుని వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు.

ఎవరూ చూడలేదు. రాజు చిన్నవాణ్ణే తలుచుకుంటున్నాడు. ఊళ్ళో పిల్లలు చిన్నవాడి పాటలే పాడుకుంటున్నారు. రాణిగారు రోజూ భోజనాల వేళ మధుకంఠుడి కంచం కూడా పెట్టి, వేయించిన ఎండుచేపలో మంచి ముక్క తీసి ఆ కంచంలోనే వేసేది. చంద్రకేతు ఆ ముక్కనే చూస్తూ అన్నం తినేవాడు. ఎదుట మనిషి లేని కంచాన్ని చూసి కుళ్ళుకున్నవాడు లోకం మొత్తంలో వాడొక్కడే!

'ఉన్నప్పుడూ వాడే, లేనప్పుడూ వాడే. ఇలా కాదు. నేనే వెళ్ళి వాణ్ణి తీసుకొస్తాను. గాలినీ తెస్తాను. అప్పుడు నా మీద పాటలు కడతారు' అనుకున్నాడు. తమ్ముడి మీద ప్రేమతో కాదు సుమా! అసూయతోనే బయల్దేరాడు.

చిన్న పడవ, రెండు తెడ్లు, ఒక తెరచాప. అంతే. ఒంటరిగా తెడ్లు వేసుకుంటూ, గాలిలేని నీళ్ళన్నీ దాటి, గాలి ఉన్నచోటికి చేరాడు. తెరచాప బుస్సుమని పొంగింది. అక్కడి నుంచి దీవులే దీవులు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అడుగున పగడాలు ఎర్రగా కనబడుతున్నాయి. ఎగిరే చేపలు ఎగిరెగిరి పడవలోనే పడుతున్నాయి. వంటకి వెతుక్కునే పని లేదు.

మొదట పోకదీవి వచ్చింది. ఒడ్డునే ఒక అవ్వ పులుసు కాస్తోంది. చంద్రకేతు మొహంలోకి తేరిపార చూసింది.

"ఎవరి బిడ్డవు నాయనా? ఈ ముక్కు నేనెక్కడో చూశాను. ఆఁ! పాటలు పాడే అబ్బాయి! ఆ అబ్బాయి నీకేమవుతాడు?"

"తమ్ముడు" అన్నాడు చంద్రకేతు, పళ్ళు బిగించి.

"అయ్యో నా తండ్రీ! రా, కూర్చో. నీ తమ్ముడు నాలుగుసార్లు అడిగి వేయించుకుని తిన్నాడు. ఎంత నవ్వుమొహం! నీకు ముక్కొక్కటే వచ్చింది, నవ్వు రాలేదు."

పులుసు అమృతంలా ఉంది. అయినా చంద్రకేతు రెండోసారి అడగలేదు.

తరవాత ఒక ఇసుకదిబ్బ వచ్చింది. దాని మీద పడవంత తాబేలు ఎండ కాచుకుంటోంది. అది మెడ చాచి, మనిషిలాగే మాట్లాడింది.

"అబ్బాయీ, ఈ ముందున్న సముద్రంలో సుడులున్నాయి. నీ పడవ నిలవదు. ఆ మోకు నా మెడకి తగిలించు, లాగుతాను."

చంద్రకేతు పొంగిపోయాడు. 'చూశావా, నన్ను చూడగానే సాయం చేస్తానంది!' అనుకున్నాడు. "నా మీద నీకెందుకింత దయ?" అని అడిగాడు.

"నీ మీద కాదులే. మధుకంఠుడని ఒక పిల్లవాడు నేను వలలో చిక్కుకుంటే కోసి విడిపించాడు. ఆ ముక్కు చూసి వాడి అన్నవనుకున్నాను. వాడి కోసం లాగుతాను."

మళ్ళీ వాడే! మోకు విసిరికొడదామనుకున్నాడు గాని, సుడులు చూసి నోరుమూసుకుని తగిలించాడు. తాబేలు లాగుతూ లాగుతూ ఒక రహస్యం చెప్పింది.

"ధూమ్రకేశుణ్ణి కత్తితో చంపలేరు. వాడి ప్రాణం వాడి దగ్గరున్న పచ్చని చిలుకలో ఉంది. ఆ చిలుకది బంగారు పంజరం. దానికి బయట గొళ్ళెం లేదు, తాళం లేదు. లోపలి నుంచి చిలుకే ముక్కుతో తియ్యాలి. అది తియ్యదు. వాడు దాన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు మరి, ఎందుకు తీస్తుంది?"

సుడులు దాటారు. తాబేలు సెలవు తీసుకుంది. ఇంకా రెండు సముద్రాలు దాటేసరికి గాలివాన వచ్చింది. రణధీరుణ్ణి వెనక్కి పంపిన గాలివాన లాంటిదే. చంద్రకేతు తెరచాప కొయ్యని కావలించుకుని, కక్కుతూ, ఏడుస్తూ, 'వెనక్కి మాత్రం పోను, పోతే మళ్ళీ గొడుగే' అనుకున్నాడు. తెల్లవారేసరికి పడవ పలకలు ఊడిపోయి, ఒక రేవులో ఇసుక మీద పడి ఉన్నాడు.

అది గవ్వలదీవి. ఆ రేవులో పడవలన్నిటికీ పెద్ద ఒక ముసలి సరంగు. సరంగు కూతురు ముత్యాలు. ఎంత కోపంగా ఉన్న సముద్రంలోనైనా పడవ నడిపేది. చంద్రకేతుని లేవదీసి, గంజి తాగించి, విరిగిన పడవ చుట్టూ తిరిగి చూసింది.

"వానలు తగ్గేదాకా నువ్వెక్కడికీ కదలలేవు. పని చేస్తావా, ఊరికే తింటావా?"

"పనే చేస్తాను. నేర్పితే."

ఈసారి చంద్రకేతు తెలివిగా ఉన్నాడు. ఏ ఊరో చెప్పలేదు, ఎవరి కొడుకో చెప్పలేదు, ఎవరి అన్నో అసలే చెప్పలేదు. ముక్కు కనబడకుండా తలగుడ్డ ముందుకు లాక్కున్నాడు.

వానాకాలమంతా ఆ రేవులోనే ఉన్నాడు. పొద్దున్నే లేచి పడవలు ఒడ్డుకి లాగేవాడు. పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి, పైన కాచిన గుగ్గిలం పూసేవాడు. వలలు అల్లేవాడు. సాయంత్రం అందరితో కలిసి చేప కాల్చుకుని తినేవాడు. పడవ వస్తోందని కేక వినబడితే చాలు, అందరికంటే ముందు పరుగెత్తి మోకు అందుకునేవాడు. ఆ రేవులో పెద్దన్నకి దణ్ణాలు పెట్టేవాళ్ళు లేరు. తమ్ముణ్ణి ముద్దుచేసేవాళ్ళు లేరు. "చంద్రం ఏడీ? చంద్రం పూస్తే చుక్క నీరు కారదు" అనేవారు సరంగులు. కడుపుమంట ఎప్పుడు పోయిందో కూడా వాడికి తెలియలేదు. ముత్యాలు పక్కన కూర్చుని గుగ్గిలం కలుపుతుంటే, పడవకి ఇంకో నాలుగు తూట్లు పడితే బాగుండుననిపించేది.

ఒకరోజు ముత్యాలు పని చేస్తూ చేస్తూ కూనిరాగం తీసింది. చంద్రకేతు చెయ్యి ఆగిపోయింది. అది మధుకంఠుడు కట్టిన పాట!

"ఎవరు నేర్పారు నీకా పాట?"

"ఒక రాకుమారుడు వచ్చాడులే. ఎంత బాగా పాడాడనుకున్నావ్! రేవు రేవంతా కదల్లేదు. అదేమిటి, నీ మొహం పచ్చి చింతకాయ కొరికినట్టయింది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే గుగ్గిలం పడవకి పూయకుండా నీ కాలికెందుకు పూసుకుంటున్నావు?"

చూసుకుంటే నిజమే. కాలు చుర్రుమంది. ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాడు. దణ్ణాలు, ముద్దులు, గొడుగు, కంచం, అన్నీ. ముత్యాలు నవ్వలేదు. జాలీ పడలేదు.

"నీ తమ్ముడు వెళ్ళిన దిక్కు నాకు తెలుసు. ఆ పిల్లాడు ఇంకా రాలేదంటే ప్రమాదంలో ఉన్నట్టే. నువ్విక్కడ హాయిగా గుగ్గిలం పూస్తున్నావా?" అంది. చంద్రకేతు తల దించుకున్నాడు.

మర్నాడు గవ్వలదీవిలోనూ గాలి ఆగిపోయింది. ఆకు కదలదు, అల లేవదు. సరంగు కూతుర్ని పిలిచి, "అమ్మా, ఆ నల్లరాతి దీవి ఉన్న దిక్కు మన రేవులో నీకే తెలుసు" అన్నాడు. ముత్యాలు ఒక తెడ్డు పట్టుకుంది. చంద్రకేతు ఒక తెడ్డు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఏడో సముద్రం దాటారు.

నల్లరాతి దీవి కనబడింది. కొండ వంపులో, నెలవంకలా రేవు. ముత్యాలు తెడ్డు ఆపి చూస్తూ ఉండిపోయింది. "ఇంత మంచి రేవు నేను పుట్టాక చూడలేదు. లోతుంది, అలలు లేవు, గాలివానకి అడ్డంగా కొండ ఉంది. కాని పడవ కట్టే గుంజలు చూడు, ఒక్కదానికీ మోకు రాసుకున్న మరక లేదు. ఇక్కడ ఒక్క పడవైనా కట్టి నిలిపినట్టు లేదు!"

ఆమెను రాళ్ళ చాటున పడవలోనే ఉండమని, చంద్రకేతు ఒక్కడే ఒడ్డు దిగాడు.

ఒడ్డునే ఉన్నాడు ధూమ్రకేశుడు. జుట్టు పొగలా పైకి లేచి సుళ్ళు తిరుగుతోంది. కళ్ళు చింతనిప్పులు. "ఎవడ్రా నువ్వు? ఏ రేవు? మూడు ప్రశ్నలు అడుగుతాను. నా మనసుకు నచ్చేలా చెప్పావా, బతికావు. లేదా, పిట్టవైపోతావు. నీ రేవు గొప్పదా, నా రేవు గొప్పదా?"

ఇక్కడికొచ్చిన వాళ్ళు కొందరు తమ రేవే గొప్పదన్నారు. కొందరు భయపడి మాంత్రికుడి రేవును ఆకాశానికెత్తారు. అందరూ పిట్టలైపోయారు. చంద్రకేతు మాత్రం ఆ కళ్ళలోకి చూశాడు. ఆ చూపు వాడికి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకున్నదే! అసూయపడేవాడికి తనను పొగిడితే ఆకలి తీరదు. ఎదుటివాణ్ణి తిడితే తీరుతుంది.

"మా మొగలిరేవా? ఛీ, అదీ ఒక రేవేనా! దిగితే మోకాలి లోతు బురద. పాచి కంపు. ఇప్పుడైతే ఈగలు కూడా రావడం లేదు" అన్నాడు.

మాంత్రికుడి మొహం విప్పారింది. "కూర్చో, కూర్చో! అయితే చెప్పు. మీ ఊరివాళ్ళు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? గాలి లేదు, తిండి లేదు. తెరచాపలు చూసి ఏడుస్తున్నారు."

మాంత్రికుడు సంతోషం పట్టలేక పాయసం తెప్పించి పెట్టాడు. "మూడో ప్రశ్న. నీకు ఎవరిని చూస్తే ఒళ్ళు మండుతుంది?"

దీనికి అబద్ధం ఆడక్కర్లేకపోయింది. "నా తమ్ముణ్ణి చూస్తే" అని మొదలుపెట్టాడు చంద్రకేతు. చెబుతుంటే ఊరుతూనే ఉంది. పొద్దు నడినెత్తికొచ్చినా అయిపోలేదు.

ధూమ్రకేశుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని వాణ్ణి కావలించుకున్నాడు. "నా మనిషివిరా నువ్వు! అన్ని రేవులూ తెరచాపలతో కళకళలాడుతుంటే నా రేవు బోసిగా ఉండేది. చూడలేకపోయాను. అందుకే అన్ని గాలులూ కట్టేశాను. నా బాధ తెలిసినవాడు ఇన్నాళ్ళకు దొరికాడు. నా పిట్టల్ని నువ్వే చూసుకో!"

ఆ కౌగిలిలో చంద్రకేతుకి ఒళ్ళు జలదరించింది. 'నేను ఇలాంటివాడి మనిషినా?' అనుకున్నాడు.

మాంత్రికుడు వాణ్ణి ఒక పెద్ద గదిలోకి తీసుకెళ్ళాడు. గది నిండా పిట్టలు. అన్నీ ఒకప్పుడు మనుషులే. ఒక మూల చర్మపు మూటలు, లోపల ఏవో కొట్టుకుంటున్నట్టు కదులుతున్నాయి. గది మధ్య బంగారు పంజరంలో పచ్చని చిలుక. మాంత్రికుడి ఆసనం పక్కన మాత్రం ఒక గోరువంక. మాట రాదు, పాటే వస్తుంది. ఆ పాట వినగానే చంద్రకేతు గుండె ఆగినంత పనైంది. తమ్ముడే!

ధూమ్రకేశుడు గోరువంక తల నిమిరి, దానిమ్మగింజలు పెట్టి, ఇంకో రేవు గాలిని పట్టడానికి వెళ్ళిపోయాడు. చిలుక వంక తిరిగి చూడనైనా చూడలేదు.

చిలుక గుర్రుగా ఉంది. జామపండు ముక్కుతో ముట్టలేదు. ఈకలు పీక్కుంటోంది.

చంద్రకేతు దాని దగ్గరికెళ్ళి మెల్లగా అన్నాడు. "ఇదివరకు దానిమ్మగింజలు నీకే పెట్టేవాడు కదూ?"

చిలుక గిర్రున తిరిగింది. "నీకెలా తెలుసు?"

"ఇప్పుడు నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, 'ఉండు, అది పాడుతోంది' అంటాడు కదూ?"

"అవును! వాడి ప్రాణం మోస్తున్నది నేను! పాటలు వినేది దానివా?" చిలుక ఇంకో ఈక పీకి పారేసింది. "నువ్వొక్కడివే నా బాధ కనిపెట్టావు. ఇదుగో, నాకొక్క పని చేసిపెట్టు. ఆ గోరువంక మెడ నులిమెయ్యి. నేను నా అంతట నేనే గొళ్ళెం తీసుకుని నీ చేతిలో వాలతాను. ఆ తరవాత వాణ్ణేం చేసుకుంటావో నీ ఇష్టం."

చంద్రకేతు గోరువంకను చేతిలోకి తీసుకున్నాడు.

ఎవరూ చూడటం లేదు. ఎవరికీ తెలియదు. మాంత్రికుడే చంపాడంటే లోకం నమ్ముతుంది. గాలి తిరిగి తెచ్చింది చంద్రకేతే అవుతాడు. పాటలు చంద్రకేతు మీదే కడతారు. ముత్యాలు ఇక ఆ పాట పాడదు. చిన్న మెడ, రెండు వేళ్ళ మధ్య. గుండె టుకుటుకుమని కొట్టుకుంటోంది.

గోరువంక ఒకసారి కళ్ళెత్తి చూసింది. తరవాత ఆ అరచేతిలోనే ముడుచుకుని, తల రెక్కలో దూర్చుకుని నిద్రపోయింది.

నిద్రపోయిందర్రా! లోకంలో ఇంతకంటే భద్రమైన చోటు లేదన్నట్టు.

చంద్రకేతు అలా నిలబడిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు జారి ఆ పిట్ట ఈకల మీద పడ్డాయి. తల అడ్డంగా ఊపాడు.

"నులమను. వీడు నా తమ్ముడు."

"తమ్ముడా! నీకు వాడంటే మంట లేదూ?"

"ఉంది. ఇప్పుడూ ఉంది. కాని విను చిలకమ్మా, నీకు తెలియని సంగతి నాకొకటి తెలుసు. వీడు మా ఇంట్లో లేకుండా పోయినప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను. రాలేదు. ఇంట్లో అందరూ మరింతగా వీణ్ణే తలుచుకున్నారు. ఈ పిట్ట చచ్చిపోతే నీ యజమాని రోజూ దీని పాటే తలుచుకుని ఏడుస్తాడు. నీ వంక అసలే చూడడు."

చిలుక ఆలోచనలో పడింది. "మరి నేనేం చెయ్యను?"

"బయటికి రా. నేనొక రేవు చూశాను. అక్కడ నన్ను ఎవరి అన్నవని అడగలేదు. ఏం పని వచ్చని అడిగారు. ఆ రేవులో మంట దానంతటదే పోయింది."

"అక్కడ గోరువంకలుంటాయా?"

చంద్రకేతుకి లేవని చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఉంటాయి. కోయిలలు కూడా ఉంటాయి. కాని పంజరాలుండవు. ఒక ఇంట్లో నిన్ను పట్టించుకోకపోతే ఇంకో ఇంటి చూరు మీద వాలొచ్చు."

చిలుక చాలాసేపు గొళ్ళెం వంక చూసింది. ఆసనం వంక చూసింది. ఆపైన ముక్కుతో గొళ్ళెం తీసి, వచ్చి చంద్రకేతు భుజం మీద వాలింది.

అంతే! బయట ఎక్కడో దబ్బున చప్పుడైంది. ధూమ్రకేశుడు పాక్కుంటూ వచ్చాడు. పొగలాంటి జుట్టు తెల్లగా పీచులా వేలాడుతోంది. "నా చిలుక! నా ప్రాణం! చంపకురా, నువ్వేమంటే అదే చేస్తాను!"

"మూటలు విప్పు. అందరినీ మనుషుల్ని చెయ్యి" అన్నాడు చంద్రకేతు.

మాంత్రికుడు వణుకుతూ మంత్రజలం చల్లాడు. పిట్టలన్నీ మనుషులై ఒకరినొకరు తడుముకున్నారు. మూటలు ఒక్కొక్కటే విప్పాడు. గాలులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిటికీల్లోంచి బయటపడ్డాయి. మొగలిరేవు గాలి వెళుతుంటే మొగలిపూలూ ఎండుచేపలూ కలిసిన వాసన వచ్చింది.

అరచేతిలోని గోరువంక మధుకంఠుడైంది. "చిన్నన్నా!" అని మెడ కౌగిలించుకున్నాడు. "నువ్వే వస్తావని నాకు తెలుసు."

"నేనే ఎందుకొస్తాననుకున్నావు?"

"చిన్నప్పటి నుంచీ నేనెక్కడ ఆడుకుంటున్నా తల తిప్పి చూస్తే, దూరంగా నిలబడి నువ్వు నన్నే చూస్తుండేవాడివి కదా. నేను కనబడకపోతే ముందు తెలిసేది నీకే అనుకున్నాను."

చంద్రకేతు తమ్ముణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. తమ్ముడి తల నిమిరాడు, అంతే.

ఇంతలో ముత్యాలు వచ్చింది. అన్నదమ్ముల్ని చూసింది. చంద్రకేతు పక్కకు తిరిగి గొణిగాడు. "నువ్వు పాడుకునే పాట వీడిదే. వీడు రాజుగారి ముద్దుల కొడుకు. మంచివాడు. నీకు వీడంటే ఇష్టమైతే..."

"ఏమిటా గొణుగుడు? పాట బాగుంటే పాడుకున్నాను. కొబ్బరికాయ బాగుంటే కొబ్బరిచెట్టును పెళ్ళాడతామా? వానాకాలమంతా నా పక్కన కూర్చుని గుగ్గిలం పూసింది ఎవరు?" అంది ముత్యాలు. చంద్రకేతు చెవులదాకా ఎర్రబడ్డాడు. చిలుక భుజం మీదే కిచకిచా నవ్వింది.

మాంత్రికుడు నేల మీదే కూర్చుని ఉన్నాడు. "అందరూ వెళ్ళిపోతారు. నా రేవు మళ్ళీ బోసిపోతుంది. ఇంతకంటే నన్ను చంపెయ్యండి" అని ఏడ్చాడు.

చంద్రకేతు వాడి వంక చూశాడు. ఇంకెవరైనా అయితే ఆ మాటకు నవ్వేవారు. వాడు నవ్వలేకపోయాడు. "ముత్యాలూ, ఈ రేవు మంచిదన్నావు కదూ?" అని అడిగాడు.

"మంచిదే. మనిషే మంచివాడు కాడు" అంది ముత్యాలు. మళ్ళీ రేవు వంక ఆశగా చూసింది. "అయితే మాత్రం, గాలివానలో చిక్కుకున్న పడవలకి ఇంతకంటే దిక్కేముంది? మనం ఉంటే వస్తాయి."

సరే, అందరూ మొగలిరేవు వెళ్ళారు. రాణిగారు చిన్నకొడుకుని కావలించుకుని ఏడ్చింది. ఆపైన చంద్రకేతు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎంత నల్లబడ్డావురా నాన్నా!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. రాజు నడిపి కొడుక్కీ ముత్యాలుకీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశాడు. చంద్రకేతుకి ఆ రోజు కొలత తీసి మరీ కొత్త బట్టలు కుట్టారు. గవ్వలదీవి సరంగులందరూ పడవలు వేసుకుని పెళ్ళికొచ్చారు.

పెళ్ళయ్యాక ఇద్దరూ నల్లరాతి రేవుకి వెళ్ళి కాపురం పెట్టారు. గుంజలకు మోకులు పడ్డాయి. ఒడ్డున పాకలు లేచాయి. పులుసు వాసనలు వచ్చాయి. చంద్రకేతు ఆ రేవుకి రాజయ్యాడు. రాజే గాని, మొలకి పంచె బిగించి పలకలకు గుగ్గిలం పూసేవాడు. ధూమ్రకేశుడికి కొండ మీద దీపం పెట్టే పని ఇచ్చారు. "పక్క రేవు దీపం మనదానికంటే పెద్దదిట!" అని అప్పుడప్పుడూ సణిగేవాడు. అది విని ఇంకాస్త నూనె పోసేవాడు. అందువల్ల పడవలకు మేలే జరిగింది. చిలుక ఇవాళ ఒక ఇంటి చూరు మీద, రేపు ఇంకో ఇంటి చూరు మీద వాలేది.

ఏటేటా మధుకంఠుడు అన్నని చూడటానికి వచ్చేవాడు. వాడి పడవ కనబడగానే రేవు రేవంతా పనులు వదిలి ఒడ్డుకు పరుగెత్తేది. చంద్రకేతు పిల్లలు కూడా తండ్రి ఒళ్ళోంచి దూకి, "బాబాయి! బాబాయి!" అంటూ పరుగెత్తేవారు. అప్పుడు చంద్రకేతుకి కడుపులో చిన్న చురుకు. ఎన్నేళ్ళొచ్చినా, ఎంత రాజైనా, ఆ చురుకు మాత్రం తగిలేది. తగిలినా సరే, అందరినీ దాటుకుని నీళ్ళలోకి మొలలోతు దిగి, తమ్ముడు విసిరిన మోకు ముందుగా అందుకునేది మాత్రం వాడే.

అలా వాళ్ళు చాలాకాలం ఆ రేవుని ఏలుకుంటూ అక్కడ సుఖంగా ఉన్నారు. మనం ఈ చాప మీద సుఖంగా ఉన్నాం.